పాత పెట్టెకు కొత్త కార్డు

పదేళ్ళు దాటిన కంప్యూటరు, పదహారేళ్ళ కుర్రాడు ఉన్న ఇంట్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలు, కొత్త ఆటలన్నీ ఆడొచ్చు!" మా మేనల్లుడూ అదే అన్నాడు. పండుగలకు పెద్దవాళ్ళిచ్చిన డబ్బు, చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన డబ్బు కూడబెట్టుకున్నాడు. పైగా రాజమండ్రిలో ఉన్న అన్నదమ్ములతో వాడు రోజూ తెలుగులో కబుర్లాడేది ఆ ఆటల్లోనే. అందుకే "చదువుకోరా" అని కొట్టిపారేయలేదు. బ్యాంకుకు అప్పు దరఖాస్తు వస్తే చేసే పనే చేశాం. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాం.

వాడు అడిగింది 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060. అది 170 వాట్లు తాగుతుంది. మదర్‌బోర్డు మీది స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగతాది ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే కేబులు ద్వారా రావాలి. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని తయారీదారు సలహా. వాడి పెట్టెలో ఉన్నది 300. అంటే కార్డుతో పాటు అదీ కొనాలి.

అంతటితో అయిపోలేదు. ఆటలో ప్రతి బొమ్మకూ ముందు లెక్క కట్టేది ప్రాసెసరు, తర్వాత గీసేది కార్డు. ప్రాసెసరు సెకనుకు 40 బొమ్మలకే లెక్క కట్టగలిగితే, 100 గీయగల కార్డు కూడా 40 దగ్గరే ఆగిపోతుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! వాడిది నాలుగో తరం ఐ5, 2014లో కొన్నది.

అలాంటి పెట్టెకు 75 వాట్లలో సరిపెట్టుకునే కార్డే మేలు. 2019 నాటి జీటీఎక్స్ 1650లో చాలా రకాలకు వేరే కేబులు అక్కర్లేదు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400కు 53 వాట్లే చాలు గాని, పాత స్లాటులో దాని వేగం తగ్గుతుంది. లెక్క చూశాక మావాడే వాడిన 1650 చాలన్నాడు. మిగిలిన డబ్బు కొత్త పెట్టె కోసం జమ వేసుకున్నాడు.

బెంగళూరు ఎస్.పి.రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీటులోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో వాడిన కార్డు కొనేవారు దుకాణంలోనే అరగంట ఆట నడిపించి చూడండి. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగు ఆగిపోయాక, రాత్రింబవళ్ళు పనిచేసి అలసిన కార్డులు చాలా అమ్మకానికొచ్చాయి. కొనే ముందు కార్డు పొడవు, పెట్టెలో ఉన్న చోటు కూడా కొలుచుకోండి.

మరో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగో తరం ప్రాసెసర్లేమో విండోస్ 11కు అర్హుల జాబితాలో లేవు. అలాంటి పెట్టెలో పిల్లలు ఆటలాడుకోనివ్వండి, నెట్ బ్యాంకింగు మాత్రం చేయకండి.

"వద్దు" అంటే పిల్లలు అలుగుతారు. అదే లెక్క వేసి చూపిస్తే, ఎంతలో సరిపెట్టుకోవాలో వాళ్ళే చెబుతారు.