ముద్ద వద్దంటే... ముక్క ఇవ్వండి!

రాగిజావ గిన్నె కనిపిస్తే చాలు, ఆ ఏడు నెలల పాప మూతి బిగించేస్తుంది. చెంచా దగ్గరికొస్తే తల పక్కకి తిప్పుకుంటుంది. ఎలాగో నోట్లో పెడితే అమ్మ చీర మీదే ఊసేస్తుంది. ఉగ్గు పెట్టినా అంతే... ఆపిల్ ఉడికించి గుజ్జు చేసినా అంతే... క్యారెట్, బంగాళాదుంప మిక్సీలో తిప్పినా అంతే! 26 వారాల ప్రసూతి సెలవుకి ఉన్న సెలవులన్నీ కలిపి నెట్టుకొచ్చింది అమ్మ. ఇంకో పది రోజుల్లో ఆఫీసుకి వెళ్లాలి. 'నువ్వెళ్లిపోతే పిల్ల పస్తుంటుందేమోనమ్మాయ్' అని అత్తయ్య బెంగ.

ఓ రోజు పొద్దున నాయనమ్మ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని టిఫిన్ తింటోంది. ఉన్నట్టుండి పళ్లెంలోకి ఓ చిన్న చెయ్యి దూరింది. ఇడ్లీ ముక్కని గుప్పిట్లో పట్టి తిన్నగా నోట్లోకి! 'గొంతుకి అడ్డం పడుతుంది, తీసెయ్ తీసెయ్' అని పెద్దావిడ కంగారు. ఆ కంగారులో వాళ్లుండగానే పాప చిగుళ్లతో నమిలేసి, మింగేసి, మళ్లీ పళ్లెంవైపు చెయ్యి చాచింది.

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ... పాప వద్దంటోంది తిండిని కాదు, చెంచాని!

ఎందుకీ పేచీ?

ఆరు నెలలు నిండేసరికి పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. బొమ్మ, దుప్పటి అంచు, అమ్మ మంగళసూత్రం... ఏదైనా సరే! అన్నప్రాశన రోజు పుస్తకం, పెన్ను, బంగారం ముందు పెట్టి 'ఏది పట్టుకుంటుందో' అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తాం. మర్నాటి నుంచి మాత్రం అవే చేతుల్ని గట్టిగా పట్టుకుని నోట్లో చెంచా పెట్టేస్తాం. కొందరు పిల్లలు సర్దుకుపోతారు. కొందరు ససేమిరా అంటారు. ఎప్పుడు ఎంత నోట్లోకి రావాలో తామే చూసుకోవాలనుకునే పిల్లలు వీళ్లు.

పూర్వం కాళ్లు చాపుకుని, పిల్లని వాటిమీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసేవారు. ఏడుస్తున్న పిల్ల నోట్లో పోస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. పైగా గిన్నె చూస్తేనే భయం పట్టుకుంటుంది. 

అలాగని పళ్లొచ్చేదాకా మెత్తటి జావతోనే సరిపెడదామనుకోవడమూ పొరపాటే. నమలడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 92 సంవత్సరాల్లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. తొమ్మిది నెలలు దాటాక గానీ పలుకులున్న ఆహారం రుచి చూడని పిల్లలు ఏడేళ్లప్పుడు కూడా పండ్లు, కూరగాయలు తక్కువగా తింటున్నారని, తిండి దగ్గర పేచీలూ ఎక్కువేనని 2009లో తేలింది. ఎనిమిది నెలలకల్లా చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

సిద్ధమైందా... లేదా?

వయసొక్కటే చూస్తే చాలదు. ఆరు నెలలు నిండాలి. కాస్త ఆసరా ఇస్తే నిటారుగా కూర్చోవాలి. మెడ నిలవాలి. వస్తువుని పట్టుకుని తిన్నగా నోటికి తీసుకెళ్లాలి. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి తోసే అలవాటు తగ్గాలి. పళ్లు రాకపోయినా ఫర్వాలేదు, ఉడికిన కూర ముక్కని చిగుళ్లే చిదిమేస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో మాత్రం డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

ఏం పెట్టొచ్చు?

ముక్క పెట్టేముందు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. సులువుగా నలిగిపోతే ఇవ్వొచ్చు. లేదంటే మళ్లీ ఉడకాల్సిందే.

* ఆరేడు నెలల పిల్లలు గుప్పిటతోనే పట్టుకుంటారు. కాబట్టి పెద్దవాళ్ల వేలంత పొడవు ముక్కలు కొయ్యాలి. సగం గుప్పిట్లో ఉంటే, సగం పైకి వస్తుంది. ఆ సగమే వాళ్లు తినేది!

* చిలగడదుంప, క్యారెట్, గుమ్మడి, సొరకాయ ఆవిరి మీద మెత్తగా ఉడికించి ఇవ్వండి. బీట్‌రూట్ పెట్టిన మర్నాడు మలం ఎర్రగా వస్తే భయపడక్కర్లేదు.

* బాగా మగ్గిన అరటి, బొప్పాయి, మామిడి మంచివి. అరటిపండు చేతిలోంచి జారిపోతుంటే కింది సగానికి తొక్క ఉంచేయండి, పట్టు దొరుకుతుంది. ఆ తొక్కని ముందే బాగా కడగాలి.

* ఇడ్లీని నిలువుగా కోసి పప్పుకట్టులో ముంచి ఇవ్వండి. పొడి ఇడ్లీ అంగిలికి అంటుకుంటుంది. మెత్తటి దోసె, పెసరట్టు, పప్పులో నానిన చపాతీ ముక్క కూడా బాగుంటాయి.

* ఆరు నెలలు దాటాక ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గిపోతాయి. తల్లిపాలతో వచ్చేది చాలదు. అందుకే తోటకూర సన్నగా తరిగి వేసిన పెసరట్టు, పూర్తిగా ఉడికిన గుడ్డు, ముళ్లు తీసేసిన చేప, మెత్తగా ఉడికించి పీచులా విడదీసిన చికెన్... వీటిలో ఏదో ఒకటి రోజూ ఉండేలా చూడండి. పక్కన టమాటా, బొప్పాయిలాంటివి ఉంటే వాటిలోని సి విటమిన్ ఆకుకూర, పప్పుల్లోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది.

* ఎనిమిది, పది నెలల మధ్య బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువుల్ని ఏరడం వస్తుంది. అప్పుడు బాగా ఉడికి నలిగే కూర ముక్కలు చిన్నవిగా కోసి ఇవ్వొచ్చు.

కొత్త పదార్థం ఒక్కొక్కటిగా మొదలుపెడితే ఏది పడలేదో తెలుస్తుంది. ఏడాది లోపు ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలే నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల్లో ప్రాణాంతకమైన జబ్బు తెస్తుంది.

ఇవి మాత్రం వద్దు!

వేరుశనగ పలుకులు, పుట్నాలు, బఠాణీలు, జీడిపప్పు, పచ్చి క్యారెట్, పచ్చి ఆపిల్ ముక్కలు, గుండ్రంగా ఉండే ద్రాక్ష, పాప్‌కార్న్, చాక్లెట్ బిళ్లలు, జంతికలు, చేగోడీలు... ఇవేవీ పసిపిల్లల చేతికి అందకూడదు. సీతాఫలం, సపోటా, రేగుపండ్ల గింజలూ అంతే. ఇంట్లో నాలుగేళ్ల అన్నయ్యో, అక్కయ్యో ఉంటే మరీ జాగ్రత్త. ప్రేమగా తమ చేతిలోని పుట్నాలే తమ్ముడి నోట్లో పెట్టేస్తారు!

ఓకరింపా... ఊపిరాడట్లేదా?

పెద్దవాళ్ల భయమంతా ఇక్కడే. ఆ భయం తప్పు కాదు. కానీ తేడా తెలుసుకోవాలి. ముక్క నాలుక వెనక్కి వెళితే పిల్లలు ఓకరిస్తారు. ముఖం ఎర్రబడుతుంది, దగ్గుతారు, చప్పుడు చేస్తారు. ముక్క గొంతులోకి పోకుండా ఒళ్లు తనంతట తాను చేసుకునే కాపలా ఇది. చూస్తూ పక్కనే ఉండండి, వేలు పెట్టి గెలకొద్దు.

చప్పుడు లేకపోవడమే అసలు ప్రమాదం. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలంగా మారతాయి. అలాంటప్పుడు క్షణం ఆలస్యం చెయ్యకుండా పాపని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, దవడని చేత్తో పట్టుకుని, రెండో అరచేతి మడమతో రెండు భుజాల ఎముకల మధ్య ఐదుసార్లు గట్టిగా తట్టాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చెయ్యాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఏడాదిలోపు పిల్లల పొట్ట నొక్కకూడదు. కంటికి కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టకూడదు. దీన్ని ఇంట్లో అందరూ డాక్టరు దగ్గర ఒకసారి చేసి నేర్చుకోవడం మేలు.

న్యూజిలాండ్‌లో సుమారు 200 మంది పిల్లలపై చేసిన పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. ఏవి ప్రమాదమో, ఎలా పెట్టాలో ముందే తల్లిదండ్రులకి నేర్పినప్పుడు, సొంతంగా తినే పిల్లలకి గొంతుకి అడ్డంపడటం చెంచాతో తినే పిల్లలకంటే ఎక్కువేమీ లేదు. అయితే రెండు బృందాల్లోనూ ఇవ్వకూడనివి ఇస్తున్న ఇళ్లు చాలానే కనిపించాయి. అందుకే తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి, పాకుతుండగా పెట్టొద్దు. ఎదురుగా ఓ మనిషి ఉండాల్సిందే... ఫోన్, టీవీ లేకుండా!

ఎంత తిన్నట్టు?

మొదటి వారం నేలపాలయ్యేదే ఎక్కువ. కింద పాత చీర పరిచేస్తే సరి. ఏడాది వరకూ పాలు ముఖ్యమే కాబట్టి గిన్నె ఖాళీ కాలేదని దిగులొద్దు. మొదట్లో రోజుకి రెండు మూడుసార్లు, తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగుసార్లు పెట్టండి. చెంచాని పూర్తిగా మానేయక్కర్లేదు. పెరుగన్నం, కిచిడీ చెంచాలో తీసి పాప చేతికే ఇచ్చి చూడండి. మూతి బిగిస్తే ఆ పూటకి చాలన్నట్టే.

జ్వరం, నోటిపూత, పళ్లొస్తున్న బాధ ఉంటే నాలుగు రోజులు తినకపోవడం మామూలే. బరువు పెరగకపోయినా, తిన్న ప్రతిసారీ దగ్గుతున్నా, పాలు కూడా తాగనంటున్నా, తొమ్మిది నెలలొచ్చినా ఏదీ ముట్టకపోయినా పిల్లల డాక్టరుకి చూపించాలి.

అమ్మ ఆఫీసుకి వెళ్లే రోజు రానే వచ్చింది. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, 'ఏమైనా తిందా అత్తయ్యా?' అని అడిగింది. పెద్దావిడ పాత చీర మీంచి చిలగడదుంప ముక్కలు ఏరుతోంది. 'ఇదిగో, సగం నేలకి, పావు నెత్తికి, పావు పొట్టకి' అంది నవ్వుతూ. 'అచ్చం మీ మామయ్యేనమ్మాయ్... ఆయన కూడా వడ్డిస్తే తినరు, తామే పెట్టుకోవాలి!'