వెనుదిరగడం కూడా ఆరోగ్యమే

చలి దేశాలలో ఉన్న పిల్లల వద్దకు శీతకాలంలో వెళ్ళే మన పెద్దలలో రెండు ధోరణులు చూస్తుంటాను. కొందరు మంచుకు భయపడి నెలల తరబడి గడప దాటరు. మరికొందరు పిల్లలు ఎక్కడికి రమ్మంటే అక్కడికి బయలుదేరి, ఒంట్లో ఏ ఇబ్బంది కలిగినా వారి సరదా చెడగొట్టకూడదని పైకి చెప్పరు. మొదటి ధోరణి వలన కండరాలు బలహీనపడతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, మనసు కుంగుతుంది. రెండవది ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, ఎందరికో నీతులు చెప్పిన నేను ఆ రెండవ పొరపాటే చేశాను. అందుకే ఈ వ్యాసం.

మా అమ్మాయి కుటుంబం అమెరికా ఈశాన్య ప్రాంతంలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక జనవరి ఆదివారం నాడు వైట్ మౌంటెన్స్ పర్వతాలలోని గ్రీలీ పాండ్స్ అనే జంట కొలనులకు నడిచి వెళదామన్నారు. లింకన్ పట్టణం నుండి కాన్వే వైపు పోయే కాంకమాగస్ రహదారి పక్కన ఆ కాలిబాట మొదలవుతుంది. ఎగువ కొలను రెండు మైళ్ళ లోపే ఉంటుంది. ఎక్కవలసిన ఎత్తు కూడా కొన్ని వందల అడుగులే. ఒక పక్క ఓసియోలా పర్వతపు తూర్పు శిఖరం, మరొక పక్క కాంకమాగస్ పర్వతం, నడుమ ఇరుకైన కనుమలో ఆ కొలనులు. వేసవిలో చిన్నపిల్లలు సైతం నడిచే దారి అది. అంత తేలిక దారి కావడమే నన్ను ఏమరుపాటుకు లోను చేసింది.

అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ళ మనుమరాలు, నేను, వారి లాబ్రడార్ కుక్క భీముడు బయలుదేరాము. చలి సున్నాకు పది డిగ్రీల దిగువన ఉంది. రాత్రి కురిసిన మంచు పిక్కల దాకా వస్తోంది. జారకుండా బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తొడుక్కున్నాము. భీముడు ముందుకు పరుగు తీయబోతూ, పట్టీ బిగిసినప్పుడల్లా వెనుదిరిగి మమ్మల్ని చూస్తున్నాడు.

అరగంట గడిచాక, దారి ఎక్కుడుగా మారిన చోట, నా ఛాతీ నడుమ ఒక బిగుతు మొదలయింది. నొప్పి కాదు, ఎవరో అరచేతితో అదిమిపెట్టినట్లు ఉంది. నాకు నేను మూడు కారణాలు చెప్పుకున్నాను. కోటు బరువుగా ఉంది. పొద్దున రెండు దోసెలు ఎక్కువ తిన్నాను. వయసు డెబ్బై దాటింది. ఇవే మాటలు ఒక రోగి నాతో చెప్పి ఉంటే మందలించి, అప్పటికప్పుడు ఇ.సి.జి. తీయించేవాడిని. మనుమరాలు వెనుదిరిగి “తాతగారూ, బాగానే ఉన్నారా?” అని అడిగింది. “భేషుగ్గా ఉన్నాను, నడువమ్మా” అన్నాను.

అంతలో భీముడు ఆగిపోయాడు. ముందు ఒక కాలు, తరువాత మరొక కాలు పైకి ఎత్తి, చివరకు మంచులో చతికిలబడ్డాడు. అల్లుడు మోకాళ్ళపై కూర్చుని, చేతి తొడుగులు తీసి, వాడి వేళ్ళ సందుల్లో గడ్డకట్టిన మంచు ఉండలను ఒక్కొక్కటే ఊడదీశాడు. రెండడుగులు వేసి వాడు మళ్ళీ కాలెత్తాడు. “ఈ రోజుకు వీడికి చాలు మావయ్యగారూ, వెనక్కి వెళదాం” అన్నాడు. కొలను ఇంకెంతో దూరం లేదు. అయినా ఎవరూ భీముడిని తప్పు పట్టలేదు. ఇంకొక్క పది నిమిషాలు ఓర్చుకోమని వాడిని ఎవరూ అడగలేదు.

మేము నిలబడిన ఆ అయిదు నిమిషాలలో నా ఛాతీ బిగుతు పూర్తిగా తగ్గిపోయింది. శ్రమతో వచ్చి, విశ్రాంతితో తగ్గే బిగుతు ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అప్పుడు నోరు విప్పాను. అమ్మాయి ముఖం తెల్లబోయింది. “ఎప్పటి నుంచి నాన్నా?” అంది. “చాలాసేపటి నుంచి” అనవలసి వచ్చినప్పుడు కలిగిన సిగ్గు నాకు ఇంకా గుర్తుంది. నెమ్మదిగా, ఆగి ఆగి దిగి వచ్చాము. ఆ సాయంకాలమే ఆసుపత్రికి వెళ్ళాను. గుండెపోటు రాలేదని తేలింది కాని, తదుపరి పరీక్షలలో ఒక హృదయ ధమని బాగా ఇరుకుపడినట్లు కనిపించింది. స్టెంటు అమర్చారు.

చలిలో ఇలా ఎందుకు జరుగుతుందో పాఠకులు తెలుసుకోవాలి. శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు సంకోచిస్తాయి. దానితో రక్తపుపోటు పెరిగి, గుండె మరింత ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని పంపవలసి వస్తుంది. మంచులో కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడానికి మామూలు నేల మీద కంటే చాలా ఎక్కువ శక్తి కావాలి. దానికి తోడు మందపాటి దుస్తుల బరువు. హృదయ ధమనులలో ఇరుకు ఉన్నవారికి వేసవిలో రెండు మైళ్ళు నడిచినా రాని బిగుతు, శీతకాలంలో అర మైలుకే రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి అసలు తెలియకపోవచ్చు. ఆయాసం, అకారణమైన చెమట, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే సూచనలు కావచ్చు. విశ్రాంతి తీసుకున్నా కొద్ది నిమిషాలలో తగ్గని బిగుతుకు నడక పనికిరాదు. అక్కడే కూర్చుని అత్యవసర సహాయాన్ని పిలవాలి.

చలి వలన కలిగే రెండవ ప్రమాదం శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోవడం. దీనిని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తరువాత తడబడే నడక, ముద్దగా వచ్చే మాట, మొద్దుబారే చేతివేళ్ళు, మందగించే ఆలోచన వస్తాయి. తీవ్రమైనప్పుడు వణుకు ఆగిపోతుంది. దానిని మెరుగుదల అని భ్రమపడకూడదు. వృద్ధులలో వణుకు మొదటి నుండి తక్కువగానే ఉండవచ్చు. నూలు బట్టలు చెమటకు తడిసి వేడిని నిలపలేవు కనుక ఒంటిని అంటి ఉండే దుస్తులు ఉన్నివి గాని, చెమటను పీల్చి బయటకు వదిలే కృత్రిమ నారవి గాని కావాలి. మద్యం వెచ్చగా అనిపింపజేస్తూనే చర్మపు రక్తనాళాలను విప్పార్చి లోపలి వేడిని పోగొడుతుంది. చలికి మొద్దుబారి తెల్లబడిన వేళ్ళను రుద్దకూడదు, వాటికి మంచు అసలే రాయకూడదు.

ఇక భీముడి సంగతి. కుక్క పాదాలలో ధమనులు, సిరలు దగ్గర దగ్గరగా ఉండి, కిందికి దిగే వెచ్చని రక్తం పైకి వచ్చే చల్లని రక్తానికి వేడిని అందిస్తుంది. అందువలన అవి మంచుపై మనకంటే చాలాసేపు నిలవగలవు. అయినా వేళ్ళ మధ్య వెంట్రుకలకు మంచు ఉండలు కడితే బాధ తప్పదు. కుక్కలు కూడా దీర్ఘకాలపు నొప్పులను చాలావరకు దాచుకుంటాయి. కాని కాలు చుర్రుమంటే కాలెత్తి చూపడానికి వాటికి మొహమాటం లేదు. మొహమాటం మనది. ఆసుపత్రిలో ఉన్న రోజులలో ఎంతమంది పెద్దలు “పెళ్ళి పనుల్లో ఉన్నారు కదా అని చెప్పలేదు”, “పిల్లలు కంగారు పడతారని చెప్పలేదు” అంటూ ఆలస్యంగా వచ్చారో నేను చూశాను. అందరినీ కోప్పడ్డాను. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను.

న్యూ హాంప్‌షైర్‌లో పర్వత నడకకు వెళ్ళేవారి కోసం హైక్‌సేఫ్ అనే నియమావళి ఉంది. వైట్ మౌంటెన్ జాతీయ అరణ్య శాఖ, ఆ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ కలిసి దానిని ప్రచారం చేస్తాయి. తగిన సామగ్రితో వెళ్ళడం, ఎక్కడికి వెళుతున్నదీ ఇంటివద్ద చెప్పడం అందులో ఉన్నాయి. నాకు నచ్చినవి రెండు. గుంపు మొత్తం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే సాగాలి. అవసరమైతే వెనుదిరగడానికి సిద్ధపడి బయలుదేరాలి. ఆ పర్వతాలు హిమాలయాల వంటి ఎత్తయినవి కావు. అయినా అక్కడి మౌంట్ వాషింగ్టన్ శిఖరంపై 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ళ గాలి నమోదయింది. ఎత్తు తక్కువని వాతావరణాన్ని తేలికగా తీసుకోరాదు.

అయితే పెద్దలు మంచులోకి వెళ్ళనే కూడదా అని మీరు అడగవచ్చు. నా అభిప్రాయం అది కాదు. స్టెంటు తరువాత హృద్రోగ నిపుణుడి పర్యవేక్షణలో నెలల తరబడి నడక పెంచుకున్నాను. మరుసటి శీతకాలంలో ఆయన అనుమతితో మళ్ళీ గ్రీలీ పాండ్స్‌కు వెళ్ళాను. ఈసారి మాతో భీముడు పాదరక్షలు తొడుక్కుని, వాటిని ఏవగించుకుంటూ నడిచాడు. ఆగి ఆగి నడిచి ఎగువ కొలను చేరాము. కొలనంతా తెల్లని దుప్పటి కప్పుకుని ఉంది. చుట్టూ చెట్లు, పైన కొండచరియలు, ఎక్కడా చప్పుడు లేదు. మేము గడ్డకట్టిన నీటిపై అడుగు పెట్టలేదు. ఒక మనిషి నడవడానికి కనీసం 6 అంగుళాల గట్టి నల్లని మంచుగడ్డ ఉండాలని ఆ రాష్ట్ర అధికారులు చెబుతారు. పైన మంచు పరుచుకుంటే ఆ మందం కంటికి తెలియదు. కుక్క కొలనుపైకి పరుగు తీస్తే దాని వెనుక మనుషులూ పరుగెత్తే ప్రమాదం ఉంది కనుక భీముడి పట్టీని అల్లుడు వదలలేదు. ఫ్లాస్కులోని మిరియాల చారు తలా ఒక కప్పు తాగి, పది నిమిషాలలో తిరుగుముఖం పట్టాము.

కాబట్టి పెద్దలకు నా మనవి ఇది. ఇంట్లో ముడుచుకుని కూర్చోకండి. రక్తపుపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉంటే ముందుగా వైద్యుని సంప్రదించండి. మందులు జేబులో పెట్టుకోండి. దాహం వేయకున్నా నీరు తాగండి. పిల్లలకు మరొక మనవి. “బాగానే ఉన్నారా?” అని అడిగితే మేము బాగానే ఉన్నామనే అంటాము. “ఛాతీలో బిగుతుందా? కాళ్ళు మొద్దుబారాయా? ఆయాసంగా ఉందా?” అని విడివిడిగా అడగండి. బయలుదేరే ముందు గుమ్మంలోనే ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరు “వెనక్కి వెళదాం” అన్నా, ఎందుకని అడగకుండా అందరూ వెనుదిరగాలి. కారణం కారులో కూర్చున్నాక చెప్పుకోవచ్చు.