అడ్వాన్సు అంటే ఏ సొమ్ము?

పౌలు రోమా పట్టణంలో రెండేళ్ళు అద్దె ఇంటిలో ఉన్నాడని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో చదువుతాము. అడ్వాన్సు ఎంత ఇచ్చాడో మాత్రం లూకా వ్రాయలేదు! మన పిల్లలకు ఆ సంగతి తెలియకపోతే గడవదు. మన సంఘాల నుండి ఎందరో యౌవనస్థులు, కొత్తగా పెళ్ళయినవారు ఉద్యోగాల కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో వెళుతుంటారు. అద్దె పదిహేను వేలన్న మాట విని ఇరవై వేలు జేబులో పెట్టుకొని బయలుదేరితే ఇబ్బందే.

లెక్క చూద్దాము. హైదరాబాదులో సాధారణంగా రెండు మూడు నెలల అద్దె డిపాజిట్ అడుగుతారు. మూడు నెలలైతే 45,000. మొదటి నెల అద్దె 15,000. బ్రోకరు చూపించిన ఇల్లయితే అతని కమీషను తరచు ఒక నెల అద్దె, మరో 15,000. మెయింటెనెన్సు 2,000 అనుకుందాము. తాళంచెవి చేతికొచ్చేసరికి 77,000 రూపాయలు! అందులో తిరిగి వచ్చేది 45,000 మాత్రమే. బెంగుళూరులోనైతే పది నెలల అద్దె అడగడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది.

చిక్కంతా 'అడ్వాన్సు' అనే మాటలో ఉంది. ఇల్లు మరొకరికి ఇవ్వకుండా ఆపడానికిచ్చే టోకెనూ అడ్వాన్సే, మొదటి నెల అద్దె అడ్వాన్సే, ఖాళీ చేసినప్పుడు తిరిగి రావలసిన డిపాజిట్టూ అడ్వాన్సే. ఓనరు ఒక అర్థంతో పుచ్చుకుంటాడు, మనము మరో అర్థంతో ఇస్తాము. కనుక "అయ్యా, ఈ సొమ్ము తిరిగి వస్తుందా? టోకెను డిపాజిట్‌లో కలుపుతారా? ఇల్లు కుదరకపోతే ఏమవుతుంది?" అని ముందే అడగండి, జవాబు కాగితం మీద పెట్టించండి. మనవారే, విశ్వాసులే అని కాగితం వద్దనుకునేవారున్నారు. మా ఉద్దేశంలో విశ్వాసుల మధ్యనే అది మరీ అవసరం. తగాదా వస్తే డబ్బుతోపాటు ఆదివారపు పలకరింపు కూడా పోతుంది.

ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతుంది గనుక చాలామంది 11 నెలలకే వ్రాసుకుంటారు. మళ్ళీ వ్రాసుకునేటప్పుడు పాత డిపాజిట్ మొత్తాన్ని కొత్త కాగితంలోకి ఎక్కించడం మరువకండి.

ఖాళీ చేసేటప్పటి తగాదాలు ఎక్కువగా రంగుల దగ్గరే వస్తాయి. రంగులకని ఒక నెల అద్దె పట్టుకొనడం చాలాచోట్ల అలవాటు. ఒప్పుకొని సంతకం చేస్తే ఇవ్వవలసిందే. వ్రాసుకోకపోతే మాత్రం, మూడేళ్ళు కాపురమున్న ఇంటి గోడ మాయడం వాడకమే గాని నష్టం కాదు. పగిలిన వాష్‌బేసిను సంగతి వేరు. చేరిన రోజునే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు అంకెలు ఫోనులో ఫోటోలు తీసి ఓనరుకు పంపండి. వాచ్‌మన్ జీతం, మోటారు, లిఫ్టు కరెంటు మెయింటెనెన్సులో ఉంటాయి. వేసవిలో ట్యాంకరు నీళ్ళు అందులోనివేనా, వేరా అన్నది అడిగి తెలుసుకోండి.

మన పాఠకులలో ఇంటి ఓనర్లూ ఉన్నారు. డిపాజిట్ మీ చేతిలో ఉన్నా అది మీ సొమ్ము కాదు. కొందరు దానిని పిల్లల ఫీజులకో పెళ్ళికో వాడేసి, "తరువాత వచ్చేవాళ్ళు ఇస్తే మీకిస్తాను" అంటారు. బీదవాడు తాకట్టు పెట్టిన వస్త్రాన్ని ప్రొద్దు గ్రుంకేసరికి తిరిగి అప్పగించాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఆ రాత్రి అతడు కప్పుకోవలసింది అదే గదా! ఈ 45,000 కూడా ఆ కుటుంబం మరో ఇంటికి ఆ వారమే కట్టవలసిన సొమ్ము. మీరు ఆపితే వారు వడ్డీకి తేవాలి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాసపు ఇంటికి డిపాజిట్ రెండు నెలల అద్దె మించరాదనీ, బాకీలు పట్టుకొని మిగిలినది ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే ఇవ్వాలనీ అంటుంది. అయితే రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నచోటనే అది చెల్లుతుంది. చట్టం కోసం ఆగనక్కరలేదు. డిపాజిట్ పుచ్చుకున్న రోజే బ్యాంకులో వేరుగా వేయండి. ఖాళీ చేస్తామని వారు నోటీసు ఇచ్చిన వారంలోనే ఇల్లు చూసి, పట్టుకొనేది ఏమైనా ఉంటే అప్పుడే చెప్పండి.