గృహయంత్ర పరిచర్య: కంప్యూటరు పునఃప్రతిష్ఠ

తిరుగలి యరిగినచో గంట్లు కొట్టించుకొనుటయు, పొయ్యి బీటలు వాఱినచో మట్టితో మెత్తుకొనుటయు మన పెద్దలకు తెలిసిన పనులే. ఒకరిని పిలిచి చేయించినను, వాడేమి చేయుచున్నాడో దగ్గఱ నిలిచి చూచుకొనెడివారు. నేడు పిల్లల చదువునకును, ఇంటి పద్దులకును, ఉత్తరప్రత్యుత్తరములకును కంప్యూటరు మన యిండ్లలో వచ్చి కూర్చున్నది. అది మొరాయించిన దినమున మాత్రము, ఇది మనకు రాని విద్య యని దూరముగా తొలగిపోవుచున్నాము. ఆ పెట్టెలోని పెండ్లి పటములు, పాటలు, పద్దులు మనవి. కావున దాని బాగోగులును మనవే. డిస్కు చెడినప్పుడు చేయవలసిన పనిని ఈ మాసము వివరింతుము.

మొదట రెండు మాటల యర్థము తెలియవలెను. హార్డుడిస్కు ధాన్యము నిలువచేయు గాదె వంటిది. ఆపరేటింగు సిస్టము ఆ గాదెను తెఱచి, ఎవరికి కావలసినది వారికి కొలిచి యిచ్చెడి యిల్లాలి వంటిది. ఆమె కాపురమును గాదెలోనే. గాదె కూలినచో ధాన్యముతోపాటు ఆమెయు పోవును. కనుకనే క్రొత్త డిస్కు బిగించినంత మాత్రమున యంత్రము పలుకదు. 1956వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.ఎం. వారు మొదటి హార్డుడిస్కును వెలువరించినప్పుడు అందు రెండడుగుల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెను. అన్నిటను గలిపి పట్టినవి 50 లక్షల అక్షరములే. నేటి డిస్కు అఱచేత నిముడును. దానిలోని పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగును. చదివెడి ముల్లు పళ్లెమును తాకక, వెండ్రుక మందముకన్న మిక్కిలి స్వల్పమైన యెడముతో దానిపై తేలుచుండును. ఆ ముల్లు తగిలినచో పళ్లెము గీఱుకొని వ్రాత చెడును.

కావున పెట్టెలోనుండి టక్కు టక్కుమను చప్పుడు వినవచ్చినను, ఒక పటము తెఱచుటకు నిమిషములు పట్టుచున్నను వెంటనే విద్యుత్తు ఆపవలెను. “ఇంకొక్కసారి చూతము” అని నడపినకొలదియు నష్టము పెరుగును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, విజయవాడలోని అజిత్‌సింగ్ నగరము మొదలగు పేటలు దినముల తరబడి నీట నుండుట మన మెఱుగుదుము. అట్లు తడిసిన యంత్రమును ఎండబెట్టితిమి గదా యని మీట నొక్కరాదు. లోపలి బురద ముల్లునకు శత్రువు. అందలి వ్రాతలు తప్పక కావలసినచో, నడపకయే ఆ పనిలో నేర్పరులకు అప్పగింపవలెను.

ఇక ప్రతిష్ఠావిధానము. మొదట వేఱొక మంచి కంప్యూటరులో, ఎనిమిది జీ.బీ.లకు తక్కువ కాని పెన్‌డ్రైవు నొకదానిని సిద్ధపఱచి, ఆపరేటింగు సిస్టమును వెలువరించిన వారి స్థానమునుండియే దానిని దింపుకొనవలెను. పెన్‌డ్రైవులో నున్నదంతయు చెఱిగిపోవును గనుక ఖాళీది తీసికొనుడు. తరువాత చెడిన యంత్రమునకు విద్యుత్తు తీగ నూడదీసి, పాత డిస్కును తొలగించి, క్రొత్తదానిని అదే తావున బిగింపవలెను. ఇతర డిస్కు లేవైన నున్నచో వాని తీగలను తాత్కాలికముగా విప్పియుంచుట క్షేమము. లేనిచో తొందరలో మంచి గాదెనే చెఱిపివేయుదుము. పెన్‌డ్రైవు గ్రుచ్చి, యంత్రము మేలుకొనునప్పుడు ఎఫ్2, ఎఫ్12, డిలీట్ మీటలలో ఆ యంత్రమునకు తగినదానిని నొక్కినచో, దేనినుండి మేలుకొనవలెనో యెంచుకొను పట్టిక వచ్చును. పెన్‌డ్రైవు నెంచుకొన్న పిమ్మట అది యడిగిన ప్రశ్నలకు నెమ్మదిగా సమాధానము లిచ్చుటయే పని. మొదటినుండి చివఱవఱకు గంట, రెండు గంటలు పట్టవచ్చును. పప్పు ఉడుకుచుండగనే చేయదగినది.

ఇచ్చట నొక హెచ్చరిక. “డిస్కు పోయినది, విండోసును మరల కొనవలెను” అని చెప్పువారు కలరు. విండోసు 10, 11 లలో అనుమతి సాధారణముగా యంత్రపు మూలఫలకముతో, అనగా మదర్‌బోర్డుతో ముడిపడి యుండును. డిస్కు మార్చినంతమాత్రమున అది పోదు. కీ యడిగినచోట “నాయొద్ద లేదు” అను దానిని నొక్కి, ముందున్న రకమునే యెంచుకొని, పిదప అంతర్జాలమునకు కలిపినచో తనంతట గుర్తించును. దొంగప్రతి వేయుదుమన్నచో నిరాకరింపుడు. దానితో దొంగయు ఇంటిలో ప్రవేశింపవచ్చును. విండోసు 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణము 2025 అక్టోబరు 14తో ముగిసినది; పాత యంత్రములు పెక్కు విండోసు 11 నకు తగవు.

అట్టివారికి లైనక్సు కలదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనికి శ్రీకారము చుట్టెను. ఇది వెల లేనిది, ఎవరికైనను పంచియీయవచ్చును. 2005లో మన తెలుగువారే ‘స్వేచ్ఛ’ యను పేర తెలుగు ఆపరేటింగు సిస్టమును వెలువరించిరి. డెబియను లైనక్సును ప్రతిష్ఠించునప్పుడు ప్రశ్నలను తెలుగుననే యడుగుమని కోరవచ్చును. ఆంగ్లము రాదని వెనుదీయు సోదరికి ఇంతకన్న ధైర్యవచన మేమున్నది?

మా గన్నవరమున మాకు పరిచితురాలగు నొక సోదరి, దివంగతురాలైన తల్లి పాడిన పెండ్లిపాటలను, మంగళహారతులను ఏండ్లతరబడి కంప్యూటరులో వ్రాసియుంచినది. డిస్కు చెడెను. బాగుచేయువాడు యంత్రమును పట్టుకపోవుదు ననగా ఆమె యొల్లక, క్రొత్త డిస్కు తెప్పించి, మమ్ము తోడు కూర్చుండబెట్టుకొని తన చేతులతోనే పని ముగించినది. పాటలలో సగము అవనిగడ్డలోని చెల్లెలి పెన్‌డ్రైవులో దొరకెను. తెఱచిచూడగా తెలుగక్షరమునకు బదులు పిచ్చి ఆంగ్లాక్షరములు! అవి అను లిపిలో వ్రాసినవి. పాతకాలపు ఆ పద్ధతిలో తగిన ఫాంటు లేనిదే తెలుగు కనబడదు. ఆ ఫాంటును చేర్చగానే తల్లిపాట తెరపై నిలిచినది. యూనీకోడు పద్ధతిలో, 1991 నుండియు తెలుగునకు సొంత స్థానము కలదు. పాతవ్రాతలను దానిలోనికి మార్చుకొనుట మేలు. మిగిలిన సగము పాటలు మాత్రము రాలేదు. పినతల్లులను పిలిచి పాడించి వ్రాసికొనుచున్నది. కాని కొన్ని చరణములు ఎవరికిని జ్ఞప్తి లేవు.

పోతనామాత్యుని భాగవతమున కొన్ని భాగములు శిథిలములై పోగా గంగన, సింగన, నారయ యను కవులు పూరించిరని ప్రతీతి. వారి పూనికకు మనము ఋణపడియున్నాము. అయినను పోతన పలుకు పోతనదే. ఆపరేటింగు సిస్టమును ఎన్నిమార్లైనను తెచ్చుకొనవచ్చును, లోకమున దాని ప్రతులు కోట్లున్నవి. మన తల్లి కంఠమునకు మనమే ప్రతి వ్రాసికొనవలెను. తాటాకు చివుకకముందే మఱియొక తాటాకుపై ఎక్కించిన మన పూర్వుల పద్ధతి యిదియే. ముఖ్యమైన ప్రతి వస్తువునకు మూడు ప్రతులుండవలెను: ఒకటి యంత్రమున, ఒకటి విడిగా బీరువాలోని డిస్కున, ఒకటి ఊరు దాటి తోబుట్టువుల యింట. వరద వచ్చినను మూడవది మిగులును.

చివఱి మాట. పాత డిస్కును బాగుచేయువానియొద్ద విడువక అడిగి తెచ్చుకొనుడు. చెడినదని మన మనుకొన్న దానిలోనుండియే నేర్పరులు ఆధారు ప్రతులను, బ్యాంకు కాగితములను, ఆడుబిడ్డల పటములను వెలికి తీయగలరు. ఇక పనికిరాదని తేలినచో పళ్లెములకు రంధ్రములు పొడిపించిన పిమ్మటనే పాఱవేయుడు. ఈ దినము భోజనములైన తరువాత పావుగంట తీరిక చేసికొని, మీ యింటి వ్రాతలకు రెండవ ప్రతి యున్నదో లేదో చూచుకొనుడు.