కోళ్ల గూటికి గాలి ఆడనివ్వండి

కార్తీకం దాటి చలి ముదిరిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో కోళ్ల గూళ్లకు ముసుగులు పడతాయి. ఎరువుల సంచులు, టార్పాలిన్ పట్టాలు, పాత చీరలు, ఏది దొరికితే అది నాలుగు దిక్కులా చుట్టి, రేకుల సందుల్లో గుడ్డలు కుక్కుతాం. ఇక కోళ్లకు చలి లేదనుకుంటాం. తెల్లారి గూడు తెరిస్తే ఒకటి మూలకు ఒదిగి గురగుర అంటుంటుంది, ఇంకోటి కండ్లు తెరవదు. చలికి ఆగలేదని చెప్పి ఆ రాత్రి మరో సంచి కడతాం.

నేనూ అట్లా కట్టినవాణ్ణే. మూడేండ్ల కింద పుష్యమాసంలో మా పద్నాలుగు కోళ్లలో ఐదు పోయినయి. ఒకనాడు పొద్దున్నే గూడు తలుపు తీసిన మా ఇంటామె కండ్లు తుడుచుకుంటూ, "తలుపు తీస్తేనే నా కండ్లు మండుతున్నయి, రాత్రంతా లోపలున్న వాటి సంగతేంది?" అంది. డాక్టరు చెప్పాల్సిన మాట ఆమె చెప్పింది.

కోడి ఒళ్లు మన ఒంటికంటే వేడి, 41 డిగ్రీల పైనే ఉంటుంది. ఈకలే దానికి గొంగడి. ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద కోడి మన దగ్గరి చలిని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది తడిని. అది తిన్న మేతకు దాదాపు రెండింతల నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు ఊపిరిలో ఆవిరిగా, పెంటలో తడిగా బయటికి వస్తాయి. తాజా పెంటలో ముప్పావు వంతు నీళ్లే. గూడు మూసేస్తే ఆ ఆవిరికి తోవ ఉండదు. చల్లటి రేకుకు తగిలి చుక్కలై కోళ్ల వీపుల మీదనే పడుతుంది. తడిసిన గొంగడి కప్పుకొని రాత్రి పొలం కాడ పడుకున్నవాళ్లకు ఆ బాధ తెలుసు.

తడి పెంట నుంచి అమ్మోనియా లేస్తుంది. తేమ తగిలిన యూరియా దగ్గర ముక్కుకు కొట్టే ఘాటు అదే. కోడి ముక్కు పెంటకు జానెడు దూరంలోనే ఉంటుంది. ఆ ఘాటు గొంతు లోపలి పొరను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ తర్వాత గురక, ముక్కు కారుడు సులువుగా పట్టుకుంటాయి. మన ముక్కుకు వాసన తెలిసేసరికి కోడికి దెబ్బ తగలడం మొదలై ఉంటుంది.

అట్లని గూడును నాలుగు దిక్కులా వదిలేయమని కాదు. కోడి కూర్చునే ఎత్తులో ఈదురు కొట్టొద్దు, తల పైన గాలి తిరగాలి. చూరు కింద ఎదురెదురుగా రెండు దిక్కులా బెత్తెడు సందు వదిలి, పిల్లి, ముంగిస దూరకుండా జాలి కొట్టండి. ఉత్తరం, తూర్పు దిక్కు సంచి కట్టొచ్చు, కాని కింది నుంచి పైకి కట్టి ఆ సందును వదిలేయాలి. మనం చేసేది తిరకాసు పని. పైన బిగించి కిందికి వేలాడదీస్తాం. ఆవిరి పోవాల్సిన తోవ మూసి, గాలి కొట్టాల్సిన అవసరం లేని చోట వదులుతాం. కింద నాలుగు వేళ్ల మందం ఊక పోయండి. మన దిక్కు రైసుమిల్లులకు కొదవ లేదు కదా. తడిసిన ఊకను ఎప్పటికప్పుడు తీసేయండి. తెల్లారగట్ల రేకు లోపల చేయి పెట్టి రాయండి. తడి తగిలితే సందు చాలలేదన్నట్టు.

ఈకలు రాని పిల్లల సంగతి వేరు. వాటికి వేడి కావాలి, బల్బు పెట్టండి. మూసిన గదిలో బొగ్గు కుంపటి మాత్రం పెట్టొద్దు. పొగ కనిపించకున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. కోడిపిల్లలతో పాటు ఆ గదిలో పడుకున్న మనుషుల పాణాలూ తీస్తుంది.

పది కోళ్ల ముచ్చటకు సంపాదకీయం ఎందుకు అని కొందరు అడుగుతారు. మన ఊళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇండ్లు ఎన్ని? ఆ ఇండ్లలో బీడీలు చేసే ఆడవాళ్ల చేతిలో ఆడే పైసలు కోళ్లవి, గుడ్లవి. సమ్మక్క జాతర యేడు నాటుకోడికి ఉండే గిరాకీ అందరికీ తెలుసు. అప్పటిదాకా కాపాడిన కోడి గురక పెడితే, బేరగాడు అడిగిన ధరకు ఇచ్చుకోవాలి. వడగండ్లకు వరి పోతే సర్వే చేయమని అడుగుతాం. గూట్లో నాలుగు కోళ్లు పోతే రాసేవాడు లేడు.

గాలి సరిచేస్తే అన్ని రోగాలూ పోతాయని నేననను. కొక్కెర తెగులుకు టీకా ఒక్కటే దారి. టీకా సీసాలో వందల కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపినాక కొద్ది గంటల్లోనే వాడాలి. పది కోళ్ల ఇంటి కోసం సీసా ఎవరు తెరుస్తారు? అందుకే ఊరంతా ఒకే రోజు వేయాలి. చలి ముదరకముందే ప్రతి గ్రామపంచాయతీలో కోళ్ల టీకా రోజు పెట్టాలని పశుసంవర్ధక శాఖను మనం అడగాలి. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. అక్కడి విద్యార్థులను ఆ రోజు ఊళ్లకు పంపితే వాళ్లకూ పని నేర్చుకున్నట్టుంటుంది.

ఈ నెలాఖరులోగా గ్రామ శాఖలు ఇంటింటికీ తిరిగి కోళ్ల లెక్క రాసి, మండల పశువైద్యశాలలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. లెక్క రాసేటప్పుడు ప్రతి గూటి చూరు కింద చూడండి. సంచి పైదాకా బిగించి ఉంటే ఇంటామెకు చెప్పి అక్కడే బెత్తెడు కిందికి దించి రండి.