ముట్టుకుంటే మేలుకునే మొద్దునిద్ర!

సర్వర్లో కరెంటుకు లోటు లేదు. డిస్కులో ఖాళీ ఉంది. మెమొరీ కావలసినంత. ప్రాసెసర్ మీద పనిభారమే లేదు. అయినా ప్రోగ్రాము ఉలకదు, పలకదు. సంగతేంటో చూద్దామని ఇంజినీరు డీబగ్గర్ తగిలించగానే... ఏమీ ఎరగనట్టు లేచి మళ్లీ పని మొదలుపెడుతుంది! డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పికి మందెలా ఇస్తారు?

2014 చివర్లో, 2015 మొదట్లో పెద్ద పెద్ద సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపేవాళ్లను ఏడిపించిన తంటా ఇది. జావా వాడేవాళ్లకు, అందులోనూ ఇంటెల్ హాస్‌వెల్ తరం ప్రాసెసర్లు కొన్నవాళ్లకు ఎక్కువగా తగిలింది. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు అనుమానించేది తమ కోడునే. నువ్వు తాళమిస్తే నేనిస్తానంటూ రెండు థ్రెడ్లు పంతానికి పోయి బిగుసుకుపోవడం ప్రోగ్రామర్లకు కొత్త కాదు. కానీ ఇక్కడ చిట్టా తీసి చూస్తే తాళం కోసం కాచుక్కూర్చున్న థ్రెడ్లు కనిపిస్తున్నాయి, తాళం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు! సొంత కోడులో ఎన్ని రోజులు వెతికితే దొరుకుతుంది?

దొంగ ఉన్నది కింది అంతస్తులో... లినక్స్ కెర్నల్‌లో. థ్రెడ్లను నిద్రపుచ్చి, వేళకు లేపడానికి కెర్నల్‌లో 'ఫ్యూటెక్స్' అనే ఏర్పాటు ఉంది. రాత్రి రైల్లో అటెండరు చేసే పని లాంటిదే. నిద్రపోయే ప్రయాణికుడు ముందు అటెండరు పుస్తకంలో పేరు రాయాలి, ఆ తర్వాత స్టేషను వచ్చేసిందేమో బోర్డు చూసుకుని పడుకోవాలి. అటెండరేమో స్టేషను రాగానే ముందు బోర్డు మార్చాలి, ఆ తర్వాతే పుస్తకం తెరిచి ఎవరిని లేపాలో చూడాలి. ఈ వరస తప్పనంతకాలం చిక్కు లేదు. అటెండరు ముందే పుస్తకం చూసేశాడనుకోండి. అది ఖాళీ. సరిగ్గా అప్పుడే ప్రయాణికుడు పేరు రాసి, బోర్డు ఇంకా మారలేదు కదా అని ముసుగు తన్నాడు. అటెండరు తర్వాత బోర్డు మార్చినా ఏం లాభం? లేపేవాళ్లెవరూ లేరు!

ఈ కాలపు ప్రాసెసర్లు వేగం కోసం పనుల వరస అటూ ఇటూ మార్చేస్తుంటాయి. అలా మార్చొద్దని గట్టిగా చెప్పడానికే 'మెమొరీ బ్యారియర్' అనే ఆజ్ఞ ఉంది. ఒకప్పుడు లేపేవాళ్లు ప్రతిసారీ ఓ తాళం తీసుకుని మరీ పుస్తకం చూసేవారు. ఎదురుచూసేవాళ్లు లేనప్పుడు ఆ శ్రమ ఎందుకని 2014 జనవరిలో కెర్నల్‌లో ఓ మార్పు చేశారు. 3.14 వెర్షన్లో అది బయటికొచ్చింది. ఆలోచన మంచిదే. అయితే ఫ్యూటెక్సులు మూడు రకాలు. రెండు రకాలకు ఆ బ్యారియర్ దానంతటదే పడేలా రాశారు. ఒకే ప్రోగ్రాములో వాడే మూడో రకానికి పడలేదు. తమాషా ఏంటంటే, ఎక్కువగా వాడేది ఆ మూడో రకాన్నే!

ఈ పొరపాటును 2014 అక్టోబరులో అసలు కెర్నల్‌లో సరిదిద్దారు. కాటలిన్ మారినాస్ రాసిన ఆ సవరణలో అసలు కోడు రెండే రెండు ముక్కలు... ఓ 'డిఫాల్ట్', దాని కింద ఓ బ్యారియర్. పక్కన రాసిన వివరణ మాత్రం ఆర్మ్ చిప్పుల గురించి, ఆండ్రాయిడ్ గురించి. ఫోన్ల గొడవ మనకెందుకులే అని సర్వర్ల వాళ్లు దాటేసేలా ఉంది.

అదే అక్టోబరులో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6.6 వచ్చింది. అందులోని కెర్నల్ పేరు 2.6.32. అంటే 2009 నాటిది. మరి 2014 నాటి తప్పు అందులోకి ఎలా చేరింది? వెర్షన్ నంబరు కదల్చకుండా, కొత్త కెర్నల్ నుంచి పనికొచ్చే మార్పులను ఏరి పాతదానికి అతుకు వేయడం ఇలాంటి కంపెనీల పద్ధతి. పాత ఇంటికి పాత నంబరే, లోపల వైరింగు మాత్రం కొత్తది! ఆ వైరింగుతోపాటు తప్పు కూడా వచ్చేసింది, సవరణ మాత్రం వెనకబడింది. 'పాత కెర్నలే కదా, దీనికి 3.14 జబ్బు ఎందుకొస్తుంది' అనుకున్నవాళ్లను తప్పుపట్టలేం. ఆ కోడుతోనే తయారయ్యే సెంట్‌ఓఎస్, సైంటిఫిక్ లినక్స్ వాడినవాళ్లకూ అదే గతి. 2015 మార్చిలో వచ్చిన 7.1 లోనూ అది ఉంది.

జావా యంత్రాలు తయారుచేసే అజూల్ సిస్టమ్స్ సాంకేతిక అధిపతి గిల్ టెనీ 2015 మేలో ఈ చిక్కంతా విప్పి రాశారు. ఏ వెర్షన్ మంచిది, ఏది చెడ్డది, ఎలా గుర్తుపట్టాలి అన్నీ చెప్పారు. 6.5 దాకా భయం లేదు, 6.6కి అప్పటికే సవరించిన కెర్నల్ వచ్చేసింది, ముందు అది వేసుకోండి అన్నది అందులో ముఖ్యమైన మాట. తమ కోడునే తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లకు అప్పటికి గానీ ఊపిరి ఆడలేదు.

ఇక డీబగ్గర్ మహిమ. అది తగిలించినప్పుడు నిద్రలో ఉన్న థ్రెడ్‌ను కెర్నల్ కాసేపు లేపాల్సి వస్తుంది. మళ్లీ పడుకోబోయే ముందు ఆ థ్రెడ్ అలవాటు ప్రకారం బోర్డు వంక చూస్తుంది. స్టేషను ఎప్పుడో వచ్చేసి ఉంటుంది!