ఇంటర్వ్యూలో మనల్ని ఓడిస్తున్నది కోడింగ్ కాదు, మౌనం

ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలకు రెడీ అవుతున్నవాళ్లు ఇది కొంచెం పొడుగైనా చదవండి.

నా మొదటి టెక్నికల్ ఇంటర్వ్యూ థర్డ్ ఇయర్‌లో. కొన్ని నంబర్లు ఇచ్చి, ఏ రెండు కలిపితే 100 వస్తుందో కనుక్కునే కోడ్ రాయమన్నారు. జవాబు సగం తెలుసు. కానీ ఇంగ్లీష్ తప్పు వస్తే నవ్వుతారేమోనని పది నిమిషాలు తల దించుకుని కూర్చున్నా. "ఏం ఆలోచిస్తున్నారో చెప్పండి" అని ఆయన రెండుసార్లు అడిగాడు. "వన్ మినిట్ సర్" అన్నా. అంతే, పోయింది.

ఆ ప్రశ్నను మన వారపు సంతలో పెట్టి చూడండి. చేతిలో 100 రూపాయలు. సరిగ్గా 100 అయ్యేలా రెండు సరుకులు కొనాలి. ప్రతి సరుకునూ మిగతా అన్నిటితో కలిపి చూడొచ్చు. వెయ్యి సరుకులుంటే 4,99,500 జతలు! అలా కాకుండా, చూసిన ధరలు గుర్తుపెట్టుకుంటూ నడిస్తే? 35 కనబడింది, 65 ఇంతకుముందు చూశానా? ఒక్క చుట్టుతో పని అయిపోతుంది. కోడ్‌లో ఆ గుర్తుపెట్టుకునే పనికే హ్యాష్ మ్యాప్ అని పేరు.

మొదటి పద్ధతి నెమ్మదైనదే. అయినా దాన్ని పైకి చెప్పి, ఎందుకు నెమ్మదో చెప్పి, రెండోదానికి వస్తే చాలు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు జవాబు ఒక్కటే చూడరు, అక్కడికి ఎలా వచ్చామో కూడా చూస్తారు. మన మనసులో ఉన్నది వాళ్లకెలా కనబడుతుంది?

తప్పంతా మనదే అనను. హాస్టల్‌లో చిన్నప్పటి నుంచి "ఎదురు ప్రశ్న వేయకు" అనే విన్నాం. ఇక్కడ మాత్రం ప్రశ్న వేయకపోతేనే నష్టం. నంబర్లు వరుసలో ఉన్నాయా? మైనస్ నంబర్లు ఉంటాయా? జత దొరక్కపోతే ఏం ఇవ్వాలి? ఇవి అడిగాకే కోడ్ మొదలుపెట్టండి. ఇంగ్లీష్ చిన్న చిన్న మాటల్లో ఉన్నా ఫర్వాలేదు.

వంద ప్రాబ్లమ్స్ మౌనంగా చేయడం కన్నా ముప్పై పైకి మాట్లాడుతూ చేయడం మేలని నా అభిప్రాయం. రూమ్‌మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మొదట మన భాషలోనే చెప్పండి, తర్వాత ఇంగ్లీష్‌లో.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ, ఒక మాట. అభినందనల పోస్టులు సరే. ఆదివారం ఒక గంట ఒక తమ్ముడికో చెల్లికో మాక్ ఇంటర్వ్యూ పెట్టండి. మొదటి పేరు నాదే రాసుకోండి. నాకు అప్పుడు అడిగేవాళ్లు లేరు, వీళ్లకైనా ఉండాలి.